వితంతువు ఆకు

మా నర్సరీలో మొక్కలకు పేర్లు రాసే పని నాది. చెక్క పలకకు తెల్ల రంగు వేసి, పైన అరబ్బీలో, కింద ఇంగ్లీషులో రాయాలి. అరబ్బీ నాకు రాదు. ఆఫీసువాళ్లు ఇచ్చిన కాగితం చూసి బొమ్మ దించినట్టు దించేవాణ్ని. మస్కట్ ఎండలో గుంతలు తవ్వే మావాళ్లంతా, ఇంటర్ తప్పినోనికి నీడపట్టున కుర్చీ దొరికిందని నన్ను ఆటపట్టించేవాళ్లు. చేతిరాత బాగుందని ఇచ్చిన కుర్చీ అది. అదే చేతిరాత పుణ్యమా అని రూమ్‌లో పదకొండు మందికి ఉత్తరాలు రాసే పని కూడా నా నెత్తిన పడింది. ఆ చెయ్యి అప్పుడే విరిగిపోయినా బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

ఉత్తరం రాయడం అంటే చెప్పింది చెప్పినట్టు రాయడం కాదు. అలా రాస్తే ఏ ఉత్తరమూ నాలుగు వరుసలు దాటదు. దేవదాసన్న సంగతే చూడండి. మా కోరుట్ల వైపు మనిషి, నర్సరీలో నీళ్ల మోటరు మీద డ్యూటీ. మంచం మీద కూర్చుని, గోడ వైపు చూస్తూ చెప్పేవాడు.

"రాయి. బాగున్న. పైసలు పంపిన. పిల్ల బడి మానొద్దు. తమ్ముడు చెప్పినట్టు ఇను. గంతే."

"గంతేనా దేవన్నా? వదినెకు ఇంకేం రాయవా?"

"ఏం రాయాలె? ఏదో ఒకటి నువ్వే రాయి. నీకు మస్తొస్తయి గద."

నాకు మస్తు వస్తాయి. నీ చేతి బువ్వ యాదికొస్తుందనీ, అన్నం ముందు కూర్చుంటే నీ ముఖమే కనబడుతుందనీ రాసేవాణ్ని. పదకొండు మందికీ కొంచెం అటూ ఇటూ మార్చి అవే మాటలు. చివర చదివి వినిపిస్తే దేవదాసన్న సిగ్గుపడి తల గోక్కునేవాడు. తమ్ముడు చెప్పినట్టు విను అన్న మాట మాత్రం తప్పకుండా ఉందో లేదో అడిగి చూసుకునేవాడు. తమ్ముడు కుమార్ అంటే ఆయనకు ప్రాణం. అయినా, తొంభైలో సెలవు మీద పోయినప్పుడు కాలువ కింద కొన్న రెండెకరాలు మాత్రం భార్య గౌరవ్వ పేరునే రిజిస్ట్రీ చేయించి వచ్చాడు. "ఏమన్నయితె ఆమెకు, పిల్లకు అదొక్కటే ఆధారం" అని నాతో అన్నాడు. ఆరేళ్ల ఓవర్‌టైమ్ అంతా ఆ పొలమే.

నర్సరీకి ఐలా మేడమ్ అని ఒక పెద్దావిడ వచ్చేది. ఫిన్లాండ్ దేశం. మస్కట్‌లో అల్ ఖువైర్ పేట ఆఫీసుల ముందు, రోడ్ల పక్కన ఏ చెట్టు బతుకుతుందో చెప్పడానికి కంపెనీ పిలిపించుకుంది. యాభై దాటిన మనిషి, ఎండకు ముఖమంతా ఎర్రగా కమిలిపోయి ఉండేది. ఆమెకొక పిచ్చి. కనబడిన ప్రతి కూలీని ఆపి, ఈ మొక్కను మీ ఊళ్లో ఏమంటారు, ఆ పేరు ఎందుకు వచ్చింది అని అడిగేది. వేపనీ, గన్నేరునీ, తంగేడునీ ఒకళ్ల తర్వాత ఒకళ్లను అడిగి నోటుపుస్తకంలో ఎక్కించుకునేది. పేరు చెప్పడం సులువే, ఎందుకు వచ్చిందో ఎవరికి తెలుసు? నేను అప్పటికప్పుడు ఏదో ఒక కథ కట్టి చెప్పేవాణ్ని. ఆమె రాసుకోబోయి కలం ఆపేది.

"ఇది నీకు ఎవరు చెప్పారు భూమేశ్?"

"మా నాయనమ్మ."

మా నాయనమ్మ నేను పుట్టకముందే పోయింది. ఐలా మేడమ్ నా ముఖంలోకి కాసేపు చూసి, రాసిన దాని పక్కన చిన్న ప్రశ్న గుర్తు పెట్టేది. నాకు నవ్వొచ్చేది.

తొంభై రెండు ఆగస్టు ఆఖరులో, ఒక పొద్దున, దేవదాసన్న మోటరు గదిలో కరెంటు కొట్టి పోయాడు. తడి నేల, తెగిన వైరు. అది మార్చమని ఆయన రెండుసార్లు ఫోర్‌మన్‌కు చెప్పాడు. ఫోర్‌మన్ మార్చలేదు. అంతే, అంతకంటే చెప్పడానికేమీ లేదు.

గల్ఫ్‌లో మనిషి పోతే మా క్యాంపులో ఒక పద్ధతి ఉండేది. శవం ఇంటికి చేరడానికి నెల పడుతుంది. పోలీసు కాగితం, ఆసుపత్రి కాగితం, ఎంబసీ కాగితం, కంపెనీ దగ్గరున్న పాస్‌పోర్టు. ఆ నెల రోజులూ భార్యకు చెప్పకూడదు. శవం లేకుండా ఏడుస్తూ కూర్చుంటే మనిషి దక్కదని మావాళ్ల నమ్మకం. అందుకని ఇంట్లో ఒక మగమనిషికి మాత్రం ఫోన్ చేసి చెప్పి, పెట్టె విమానం ఎక్కాక మిగతావాళ్లకు చెప్పమంటాం. మేమూ అలాగే చేశాం. ఊరి రోడ్డు మీదున్న ఎస్టీడీ బూత్‌కు నేనే ఫోన్ చేసి కుమార్‌కు చెప్పాను. అవతల అతను వెక్కివెక్కి ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది.

"వదినెకు తెల్వనియ్యకు కుమార్, పెట్టె వచ్చేదాక."

"తెల్వనియ్యనన్నా" అన్నాడు.

మూడో రోజున గౌరవ్వ వదినె రాయించిన ఉత్తరం వచ్చింది. నాలుగో తరగతి చదివే కూతురు సంగీత చేతిరాత. వానలు బాగా పడ్డాయి, నువ్వు మంచిగున్నవా అని. జవాబు పోకపోతే అనుమానపడుతుంది కదా! అదే చేతిరాత, అవే మాటలు, రాసి పంపాను. డ్రైవర్ ఖాదర్ మాత్రం ఒప్పుకోలేదు. కడప మనిషి, మా రూమ్‌లోనే ఉండేవాడు.

"ఏందప్పా నువ్వు చేసే పని? సచ్చిపోయినోడి పేరుతో జాబు రాస్తావా? ఆయమ్మకి చెప్పేయప్పా, పాపం తగుల్తుంది."

"మా దిక్కు గిట్లనే చేస్తరు ఖాదర్‌భాయ్. ఆమె మంచికే."

మంచికే అని నేను నిజంగా నమ్మాను. ఇంకా చెప్పాలంటే, ఆ పని చేస్తున్నందుకు నా మీద నాకు కొంత గౌరవం కూడా కలిగింది.

సెప్టెంబరు పదహారున ఇంకో ఉత్తరం వచ్చింది. దాన్ని నేను ఇప్పటికీ చూడకుండా చెప్పగలను. "నీ తమ్ముడు కాగితాలు పట్కొచ్చిండు. బోరు లోను ఆడమనిషి పేరు మీద రాదట, పొలం తన పేరు మీదికి మారిస్తె వస్తదట. మెట్‌పల్లి పోయి ఏలిముద్ర ఎయ్యమంటాండు. నువ్వు ఎయ్యమంటె ఏస్త. వద్దంటె ఎయ్య. నువ్వు రాసినట్టే చేస్త."

అది చదివి నేను ఎంతసేపు ఆలోచించానో చెబితే మీరు నన్ను తిడతారు. అసలు ఆలోచించలేదు. అన్న పోయాడని వెక్కివెక్కి ఏడ్చిన తమ్ముడు ద్రోహం చేస్తాడని నాకు తట్టలేదు. వద్దని రాస్తే అది దేవదాసన్న మాటలా ఉండదు, ఆమెకు అనుమానం వస్తుంది అన్నదొక్కటే తట్టింది. ప్రతి ఉత్తరంలో ఆయన రాయించిన మాటే కదా! మర్నాడు కూర్చుని, చేతి బువ్వ, అన్నం ముందు ముఖం అన్నీ రాసి, చివర అలవాటుగా రాసేశాను: తమ్ముడు చెప్పినట్టు చెయ్యి.

ఆ తర్వాత పది పన్నెండు రోజులకు నాకు దుమ్ము దగ్గు పట్టుకుంది. పలకలు రాస్తుంటే చెయ్యి కదిలిపోతోంది. ఐలా మేడమ్ చూసి, తన గదికి పిలిచి, ఎండుటాకులేవో మరిగించి గ్లాసులో పోసి ఇచ్చింది. వాళ్ల ఊళ్లో దగ్గుకు అదే మందట. డబ్బా మీద ఏదో రాసి ఉంది. పేర్లు రాసేవాణ్ని కదా, ఊరుకోలేక ఇదేం పేరు అని అడిగాను.

"లెస్కెన్‌లెహ్తి. లెహ్తి అంటే ఆకు. లెస్కి అంటే మొగుడు పోయిన ఆడది."

"వితంతువు ఆకు" అన్నాను తెలుగులో.

ఆమె వెంటనే నోటుపుస్తకం తీసింది. "మీ ఊళ్లో కూడా అదే మాట వాడతారా?"

నేను తడబడ్డాను. వితంతువు పుస్తకాల మాట. మా ఊళ్లో వాడే మాట వేరే ఉంది. ఆ మాటను ఆడవాళ్లను తిట్టడానికి వాడతారు తప్ప మందాకుకు పెట్టరు. అది ఆమెకు చెప్పలేక, ఎప్పుడూ ఆమె అడిగే ప్రశ్నే నేను అడిగాను. "ఆ పేరు ఎందుకు వచ్చింది మేడమ్?"

"ఖాయంగా ఎవరికీ తెలియదు" అంది. "ఆకు పైన నున్నగా, చల్లగా ఉంటుంది, అడుగున నూగుతో వెచ్చగా ఉంటుంది. దాన్నిబట్టి వచ్చిందని కొందరు అంటారు. మా అమ్మ చెప్పేది వేరు. మా దగ్గర మంచు కరుగుతుండగానే దారి పక్కన దీని పువ్వు వస్తుంది. పసుపు రంగులో, చిన్నగా. అప్పటికి ఒక్క ఆకు కూడా ఉండదు. పువ్వు ఎండి, గింజలు గాలికి కొట్టుకుపోయాక అప్పుడు ఆకు బయటికి వస్తుంది."

గ్లాసు చల్లారుతున్నా ఆమె చెబుతూనే ఉంది. యుద్ధంలో వాళ్ల నాన్న పోయినప్పుడు ఆమెకు రెండేళ్లట. చావు కబురు ఊరి చర్చి పాస్టర్ మోసుకొచ్చి చెప్పాలి. కబురు ఊరికి చేరింది గానీ, విత్తనాల రోజులు, పని పాడవుతుంది, నెమ్మదిగా చెబుదాం అని ఆయన పదకొండు రోజులు ఆగాడు. ఊళ్లో సగం మందికి తెలిసింది. వాళ్లమ్మకు తెలియదు.

"ఆ పదకొండు రోజులూ మా అమ్మ ఆయన కోసం చేతి తొడుగులు అల్లింది. పొరుగింటి వాళ్లతో నవ్వింది. ఒక పెళ్లికి పోయి ఆడింది కూడా. తర్వాత నలభై ఏళ్లు ఆ నవ్వులకు సిగ్గుపడుతూ బతికింది. పువ్వు పోయిన సంగతి తెలియకుండా బయటికొచ్చేది అదొక్కటే కదా, అందుకే దానికి ఆ పేరు అనేది. నిజం కాకపోవచ్చు. మా అమ్మ చెప్పింది కాబట్టి రాసుకున్నాను."

నేను గ్లాసు కింద పెట్టేశాను. దేవదాసన్న పోయి ఆరోజుకు ముప్పై అయిదు రోజులు. వచ్చీరాని ఇంగ్లీషులో ఆమెకు అంతా చెప్పేశాను, దేవదాసన్న సంగతి, నా ఉత్తరాలు, ఏలిముద్ర. చెబుతుంటే నా మాటలు నా చెవులకే అసహ్యంగా వినిపించాయి. ఐలా మేడమ్ నోటుపుస్తకం మూసేసింది.

"ఆమె భర్త బదులు నువ్వు జవాబు చెప్పావు. ఎవరు చెప్పమన్నారు నిన్ను?"

నాయనమ్మ అని చెప్పడానికి లేదు.

డ్యూటీ దిగగానే ఖాదర్ బండిలో అల్ ఖువైర్‌లో ఫోన్ దగ్గరికి పోయాం. ఊరి బూత్ అతనికి ఫోన్ చేసి, కుమార్‌కు చెప్పొద్దు, గౌరవ్వను పిలుచుకురా అని రెండుసార్లు చెప్పి, పది నిమిషాలకు మళ్లీ చేశాను. ఎత్తింది కుమార్.

"వదినె ఏది?"

"బతుకమ్మ పేరుస్తాందన్నా. ఏంది సంగతి, బాడీ ఎప్పుడొస్తది?"

"పొలం కాగితం మీద ఆమెతోని ఏలు పెట్టియ్యకు కుమార్. ఆ ఉత్తరం నేను రాసింది. దేవన్న చెప్పింది గాదు."

"గది నాకు తెల్వదా?" అన్నాడు తాపీగా. "అన్న పోయినంక అచ్చిన ఉత్తరం అన్న ఎట్ల రాస్తడు? మొన్ననే మెట్‌పల్లిల రిజిస్ట్రీ అయిపోయింది. కొత్త చీర పెట్టిన, చేతుల నిండ గాజులేయించిన, సంబురంగ అచ్చింది. నీ ఉత్తరం మస్తు పనికొచ్చిందన్నా. ఇగ బాడీ ఎప్పుడన్న పంపుండ్రి."

నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. ఫోన్ ఎప్పుడో పెట్టేశాడు. ఖాదర్ నా భుజం పట్టుకుని బండి దాకా తీసుకొచ్చాడు.

నాలుగు రోజులకు కాగితాలన్నీ వచ్చాయి. పెట్టెతో ఒక మనిషి పోవాలంటే నేనే పోతానన్నాను. కంపెనీ ఇరవై రోజుల సెలవిచ్చింది. బొంబాయి మీదుగా హైదరాబాద్, అక్కడి నుంచి వ్యానులో ఊరికి. వ్యాను వాడకట్టులోకి తిరిగేసరికి ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతున్నారు. వదినె వాళ్ల మధ్యలో ఉంది. వ్యాను వెనక తలుపు తెరిచేదాకా చప్పట్లు ఆపలేదు. ముందు నా ముఖం గుర్తుపట్టి నవ్వింది, తర్వాత పెట్టెను చూసింది. దాని గురించి ఇంతకంటే రాయలేను.

పదకొండో రోజు అయ్యాక పెద్దమనుషులు కూర్చున్నారు. కుమార్ వదినె దగ్గర నుంచి నా ఉత్తరం తెప్పించి అందరికీ చూపించాడు. అన్న చెప్పాడు, వదినె ఇచ్చింది, ఇందులో నా తప్పేముంది అన్నాడు. నేను లేచి, అది నేను రాసిందనీ, అప్పటికి దేవదాసన్న పోయి ఇరవై నాలుగు రోజులయిందనీ చెప్పాను.

"అయితె తప్పు నీది భూమేశు" అన్నాడు ఒక పెద్దాయన. "కాగితం మీద ఏలు ఆమెది. మేమేం చేయాలె?"

"కేసు పెట్టుకోమనుండ్రి" అన్నాడు కుమార్. "దొంగ ఉత్తరం రాసినోనికే ముందుగాల బేడీలు పడ్తయి."

నేను పోలీస్ స్టేషన్‌కు పోలేదు. పోతే పాస్‌పోర్టు గుంజుకుంటారని భయపడ్డాను. మస్కట్‌లో నా కుర్చీ పోతుందని భయపడ్డాను. ఈ మాట మా ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు.

తిరుగు ప్రయాణానికి ముందు రోజు పొద్దున వదినెకు చెప్పి పోదామని వెళ్లాను. అరుగు మీద తునికాకు చేట ముందు పెట్టుకుని బీడీలు చేస్తోంది. బోడి చేతులు. పొలం పోయాక బీడీ కార్ఖానాలో పేరు రాయించుకుందట. పక్కన సంగీత ఆకు కత్తిరిస్తోంది. బడి టైమ్ దాటిపోయింది. నేను నేల చూస్తూ నిలబడ్డాను.

"పొలం సంగతి మాట్లాడకు" అంది వదినె. "కూసో. ఒక పనున్నది నీతోని."

లోపలికి పోయి దారంతో కట్టిన ఉత్తరాల కట్ట తెచ్చి నా ముందు పెట్టింది. ఆరేళ్ల ఉత్తరాలు.

"ఏవి ఆయినవి, ఏవి నీవి? ఏరియ్యి."

పైనున్న రెండూ తీసి పక్కన పెట్టాను. "గివి రెండే నావి వదినె. కడమయన్ని దేవన్న చెప్పంగ రాసినవి."

"అన్ని మాటలా?"

ఆమె ఒక ఉత్తరం తీసి సంగీతకు ఇచ్చింది. పిల్ల కూడబలుక్కుంటూ చదివింది. నీ చేతి బువ్వ యాదికొస్తాంది.

"గిది?"

"నేనే కలిపిన."

అన్నం ముంగట కూసుంటె నీ ముఖమే కనబడ్తది. గిది? అది కూడా నేనే కలిపాను. పండుగ పూట నువ్వు కట్టుకునే చీర రంగు గురించి. అదీ నాదే. ఒక్కొక్కటే అడుగుతూ పోయింది, గొంతు పెంచలేదు, ఏడవలేదు. తమ్ముడు చెప్పినట్టు ఇను అన్నది మాత్రం ప్రతిదాంట్లోనూ దేవన్నదే. అది చెప్పినప్పుడు ఆమె నా వైపు చూడలేదు.

కట్ట సగం దాటాక సంగీత ఇంకో వరుస చదివింది. మోటరు బందు చేసినంక చెవులల్ల నువ్వు పిలిచినట్టయితది.

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆ రోజు నాకు బాగా గుర్తుంది. దేవదాసన్న పైసల సంగతి చెబుతూ చెబుతూ ఆగి, గోడ వైపు తిరిగి, ఆ ముక్క చెప్పాడు. ఉన్నదున్నట్టు రాయి, నువ్వేం కలపకు అన్నాడు.

"గిది దేవన్నదే వదినె! మా అమ్మ మీద ఒట్టు. ఒక్క అక్షరం కలపలే. ఆయన నోటి మాట ఆయన చెప్పినట్టే రాసిన."

ఆమె ఆ కాగితం కూతురి చేతిలోంచి తీసుకుంది. చదువు రాదు. అయినా చాలాసేపు చూసింది. ఆ వరుస ఎక్కడుందని సంగీతను అడిగి, దాని మీద వేలు పెట్టి, మెల్లగా అటు నుంచి ఇటు జరిపింది.

"మంచిగున్నది" అంది. "నీకు మస్తొస్తయి గద ఇసొంటియి."

దాన్ని మడిచి, నేను పక్కన పెట్టిన రెండు ఉత్తరాల మీద పెట్టింది. తర్వాత చేట దగ్గరికి లాక్కుని మళ్లీ ఆకు చుట్టడం మొదలుపెట్టింది.